చేతులు జేబులో పెట్టుకో

మార్చి నెల సగం దాటాక ఒక రోజు మిట్టమధ్యాహ్నం మా బడిలో చివరి గంట మోగుతుంది. అంతకుముందు దాకా సాయంత్రం విన్న గంట, ఆ రోజు నుంచి ఎండ నెత్తి మీద ఉండగానే వినిపిస్తుంది. ఒంటిపూట బడులు మొదలైనట్టు. గంట అంటే వరండా కొసకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కే. దాని మోత ఊరి చివర పొలాల దాకా పోతుంది. పిల్లలు అరుచుకుంటూ బయటపడతారు. ఆవరణలో వేపపూత రాలుతూ ఉంటుంది, ఆ వాసన వేడిగాలితో పాటు గదుల్లోకి వస్తుంది. అందరికీ అది ఇంటికి పోయే కబురు. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా ఆ వేళకాని గంట వినగానే ఉలికిపాటే. చేతులు రెండూ వాటంతటవే ప్యాంటు జేబుల్లోకి పోతాయి.

ఈ ఏడు కొత్తగా వచ్చిన లెక్కల టీచరు అది గమనించి, "ఏంది సార్, గింత ఎండల మీకు చలి పెడుతున్నదా?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను. రెండు మాటల్లో తేలే సంగతి కాదు. చెప్పాలంటే రూతమ్మ మేడం దగ్గర మొదలుపెట్టాలి. ఆమె ముచ్చట ఎత్తితే నేను తొందరగా ఆపనని మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఉద్యోగంలో చేరాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే శిక్షణ అప్పుడే పూర్తయింది. మాది పాలమూరు వైపు. మోత్కూరుకూ నల్గొండకూ నడుమ రోడ్డు మీద ఉన్న ఒక ఊరి హైస్కూల్లో నన్ను వేశారు. చేతిలో సర్టిఫికెట్, మనసు నిండా జాలి. ఈ పిల్లలకు నేను తప్ప దిక్కు లేదన్నట్టు ఉండేవాణ్ణి. బడి వరండా చివర, ఒకప్పుడు విరిగిన బెంచీలు వేసిన గది మాది. దానికి అప్పటికే చాలా ఏళ్ళుగా యజమాని రూతమ్మ మేడం.

పొట్టి మనిషి. నూలు చీర, రబ్బరు చెప్పులు, భుజానికి పెద్ద సంచి. నడిస్తే వెంట ఉన్నవాళ్ళు పరుగెత్తాల్సిందే. ఆ సంచిలో గుండీలు కుట్టిన గుడ్డముక్కలు, మూతలు బిగుసుకుపోయిన డబ్బాలు, ఒక తాళంకప్ప, పాత టార్చిలైటు ఉండేవి. పిల్లలు విప్పాల్సినవి, మూయాల్సినవి, తిప్పాల్సినవి అన్నమాట. మేడం వాళ్ళ నాయిన, తాత ఒకరి పొలాల్లో కూలి చేసి బతికినవాళ్ళు. వాళ్ళ అవ్వ చర్చిలో వాక్యం తానే చదువుకోవాలని ముసలితనంలో అక్షరాలు దిద్దిందట. "మా ఇంట్ల సదువు ఆమెతోని షురువైంది. పక్కన కూసోని పాస్టరయ్య సదివి వినిపిస్తనంటే గూడ ఒప్పుకోకపోతుండె" అని గొప్పగా చెప్పుకునేది మేడం. కోపం వస్తే ఎదురుగా ఉన్నది హెడ్మాస్టరా అటెండరా అని చూసేది కాదు. నవ్వొచ్చినా అంతే, ప్రార్థన జరుగుతున్నా ఆగేది కాదు.

నేను చేరిన రోజే ఆమె చేతిలో దెబ్బ తిన్నాను. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఇచ్చే రోజది. రాజు అని ఏడో తరగతి పిల్లవాడు, చేతులు బిగుసుకుపోయి చెప్పినట్టు వినవు. కంచం ముందు పెట్టుకుని గుడ్డు ఒలుస్తున్నాడు. గుడ్డు జారి అన్నంలో పడుతుంది, వాడు మళ్ళీ పట్టుకుంటాడు, మళ్ళీ జారుతుంది. పక్క పిల్లలు తిని చేతులు కడుక్కుని పోయారు. వంగి గుడ్డు అందుకోబోయాను. చేతి మీద చిన్న దెబ్బ పడింది. తలెత్తితే మేడం.

"నీకు ఆకలైతుందా?" అంది.

"లేదు మేడం. పిల్లగానికి..."

"పిల్లగానికి ఆకలైతున్నది. వాడు ఒలుసుకుంటున్నడు. మధ్యల నీ పనేంది? చేతులు జేబుల పెట్టుకో."

పెట్టుకున్నాను. నాకైతే అవమానంగానే ఉంది, అబద్ధమెందుకు. రాజు ఆ గుడ్డును చివరికి నలిపి, పెంకుతో కొంత పచ్చసొన కూడా పారేసి, మిగిలింది నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకుని నా వైపు చూసిన చూపు ఉంది చూడండి, ఊరి సర్పంచి గెలిచినా అంత గర్వంగా చూడడు. మేడం వాడితో ఏమీ అనలేదు, మెచ్చుకోలేదు. "చేతులు కడుక్కరాపో, గంటైతది" అంది అంతే. మెచ్చుకోకపోవడం కూడా మర్యాదేనని, పెద్దవాడు గుడ్డు ఒలుచుకుంటే మనం చప్పట్లు కొట్టం కదా అని, సాయంత్రం నాకు చెప్పింది.

అయితే నేను రాయాలనుకున్నది మౌనిక గురించి. మౌనిక ఆ ఏడు తొమ్మిదో తరగతి. ఎదిగిన పిల్ల, మాట మెల్లగా, కొంచెం ముద్దగా వచ్చేది. ఈ రోజు నేర్చుకున్న అక్షరం రేపటికి ఉండేది కాదు. చేతిపనిలో మాత్రం ఆమెకు వంక పెట్టలేం. వాళ్ళది చిన్నగూడెంలో మగ్గం నేసే ఇల్లు. వాళ్ళ నాయిన యాదగిరి నేస్తే, మగ్గానికి కావలసిన కండెలు చుట్టేది మౌనికే. నూలు తెగకుండా, ఎక్కడా లావూ సన్నం లేకుండా చుట్టేది. నల్గొండ పోయే దారిలో, చిన్నగూడేనికి అవతల, నేతవాళ్ళందరూ కలిసి పని చేసే షెడ్డు ఒకటి ఉంది. బడి అయిపోయాక మౌనికను అక్కడ పనిలో పెట్టాలని మేడం ఆశ. వాళ్ళతో మాట్లాడి ఒప్పించింది కూడా. ఒకటే అడ్డు. రోజూ బస్సెక్కి పోయి రావాలి, మౌనిక ఏమో ఒక్కతే తమ వాడ మలుపు కూడా దాటి ఎరగదు. ఊళ్ళో మిగతా పిల్లలు బడికి సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. ఆమెను యాదగిరి పొద్దున బండి మీద దింపి, సాయంత్రం మళ్ళీ మగ్గం దిగి వచ్చి తీసుకుపోయేవాడు.

"కండెలు ఇంట్ల కూసోని గూడ చుడుతది గద మేడం. బస్సెందుకు దానికి?" అన్నాడు యాదగిరి.

"ఇంట్ల చుడితే ఇంటి పనే యాదగిరన్నా. బస్సెక్కి పోయి చుడితే అది దాని కొలువు" అంది మేడం.

ఆయన సగం మెత్తబడ్డాడు. చివరికి ఒక మాట చెప్పాడు. "సరే, నేర్పున్రి. గని ఒక్కపారి తప్పిపోయిందనుకో, ఇగ నన్ను అడగొద్దు. బడి గూడ బంద్. ఆడపిల్ల, గా తెలివిది. ఏమన్నయితే నేను బతుకుతనా?"

ఆయనను తప్పుపట్టలేం. ఆయన మనసులో భయం మాకూ లేకపోలేదు. ఒక్క తప్పు జరిగితే మౌనిక బతుకు ఆ గడప లోపలే తెల్లారిపోతుందని మేడంకు తెలుసు, నాకు తెలుసు. మౌనికకు కూడా తెలుసేమో, ఆ మాట విన్నప్పుడు ఆమె చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

ఆ చలికాలమంతా మాకు బస్సే పాఠం. మేడం మొదట మౌనిక పక్క సీట్లో కూర్చుని పోయేది. తర్వాత వెనక సీట్లో. తర్వాత బస్సు చివర. ఆ తర్వాత ఎక్కించి దిగిపోయేది, చిన్నగూడెం దగ్గర నేను చూసేవాణ్ణి. ఆఖరుకు ఎక్కించడమూ మానేసి, రోడ్డు పక్క మల్లేశం టీ హోటల్ వెనక నిలబడి తొంగి చూసేది. "మన కొలువంటే ఏందనుకున్నవ్ శీనూ, ఎనకకు జరుగుడే. దగ్గరికి పోవుడు ఎవనికైనా వస్తది" అనేది.

బోర్డు చదవడం మౌనికకు రాదు కాబట్టి ఆమెకు గుర్తులు కావాలి. మేడం ఆలోచించి రెండు గుర్తులు పెట్టింది. సాయంత్రం చివరి గంట కొట్టాక వచ్చే మొదటి బస్సు నీది. రోడ్డు పక్క మీ ఊరి నీళ్ళ ట్యాంకు కనిపించగానే లేచి దిగు. వీటితో పాటు మూడో పాఠం ఒకటి ఉంది: ఏదైనా తేడా అనిపిస్తే కూర్చో. మేడమో సారో నాయినో వచ్చేదాకా లేవకు, ఎవరు పిలిచినా పోకు. దీన్ని బడి ఆవరణలో ఆడించేవాళ్ళం. నేను పరాయి మనిషిని. బిస్కెట్ చూపించి, "దా బిడ్డా, ఇంటికాడ దింపుత" అని పిలవాలి. మౌనిక నా చేతిలో బిస్కెట్ తీసుకుంది, తీరిగ్గా తింది, అరుగు మీద నుంచి మాత్రం లేవలేదు. నేను ఇది తప్పా ఒప్పా అన్నట్టు మేడం వైపు చూశాను. "బిస్కెట్ తినుడుల తప్పేమున్నది?" అని ఆమె పగలబడి నవ్వింది.

చెట్ల మీద ఆకు రాలి, రోడ్డు పొడుగునా మోదుగలు ఎర్రగా పూసే నాటికి మౌనిక ఒక్కతే పోయి రావడం మొదలుపెట్టింది. గంట మోగేది, ఆమె సంచి తగిలించుకుని రోడ్డు మీదికి వచ్చేది, నల్గొండ బస్సు వచ్చేది, ఎక్కేది. ట్యాంకు దగ్గర దిగేది. యాదగిరి కొన్నాళ్ళు చాటుగా వచ్చి చూసి, తర్వాత అదీ మానేశాడు. మేమిద్దరం మల్లేశం హోటల్ వెనక్కి పోవడం మానేశాం. అంతా బాగుంది అనుకున్నాం. అప్పుడు ఒంటిపూట బడులు వచ్చాయి.

ఆ మొదటి రోజు మేడం నల్గొండలో ఉంది. పదో తరగతి పరీక్ష రాసే మా పిల్లలకు అదనపు సమయం ఇచ్చే ఏర్పాట్ల గురించి సమావేశం. నేను మంచం దిగలేని ఒక పిల్లవాడికి ఇంటి దగ్గరే పాఠం చెప్పడానికి పక్క ఊరికి పోయాను. మధ్యాహ్నం అక్కడ ఉండగా మేడం ఫోన్ చేసింది. గొంతు ఆమెది కాదు.

"శీనూ, మౌనిక ఇంటికి పోలేదట. వేరే పిల్లలొచ్చినా ఇది రాకపోతే యాదగిరన్న ట్యాంకు కాడికి పోయి నిలబడ్డడు. బస్సొచ్చింది, పిల్ల దిగలేదు."

బండి తీసి మల్లేశం హోటల్ దగ్గరికి వచ్చాను. మల్లేశం గ్లాసులు కడుగుతున్నాడు. "గా పిల్లా? గంట కొట్టంగనే వచ్చె సార్. మొదలు మోత్కూరు బస్సొచ్చింది, ఎక్కె. పనుండి పోతున్నదేమో అనుకున్న" అన్నాడు.

గంట కొట్టంగనే. మొదటి బస్సు. అప్పుడు అర్థమైంది నాకు. సాయంత్రం గంట తర్వాత మొదట వచ్చేది నల్గొండ బస్సు. మధ్యాహ్నం గంట తర్వాత మొదట వచ్చేది దానికి ఎదురు దిక్కున పోయే మోత్కూరు బస్సు. ఏటా మార్చిలో గంట మారుతుందని బడిలో చీపురు పట్టే ఆయమ్మకు కూడా తెలుసు. ఎన్నో ఒంటిపూట బడులు చూసిన మేడంకు మాత్రం ఆ గుర్తు పెట్టేనాడు అది తోచలేదు. చలికాలంలో పెట్టిన గుర్తు అది. పిల్ల అక్షరం పొల్లు పోకుండా మేడం చెప్పినట్టే చేసింది.

మోత్కూరు దాకా ఎట్లా పోయానో నాకు గుర్తు లేదు. బస్టాండులో లోపలికి పోగానే, నీడ పట్టున సిమెంటు బెంచీ మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని, నీలం యూనిఫాంలో మౌనిక కూర్చుని ఉంది. పక్కన అరటిపండు తొక్క. నన్ను చూసి లేచింది. "సార్, మా ట్యాంకు రాలే" అంది, బస్సు మీద ఫిర్యాదు చేస్తున్నట్టు. నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. ప్రాణం లేచి రావడం అంటారే, అది మాట వరసకు అనే మాట కాదని ఆ రోజు తెలిసింది.

ఫోన్ చేశాను. "దొరికింది మేడం."

"దేవా" అంది అవతల. తర్వాత, "ఎట్ల దొరికింది? నిలబడ్డదా, కూసున్నదా?" అని అడిగింది.

"కూసున్నది మేడం. నన్ను చూసినంకనే లేచింది."

మేడం ఏడ్చింది. అంత గట్టి మనిషి సమావేశం జరిగే ఆఫీసు వరండాలో నిలబడి పైకే ఏడ్చింది. ఎందుకో అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు. పిల్ల దొరికినందుకనుకున్నాను. పాఠం నిలబడినందుకు కూడా అని తర్వాత తెలిసింది.

యాదగిరి మోత్కూరు వచ్చేసరికి ముఖం నల్లగా మాడిపోయి ఉంది. మేడం కూడా నల్గొండ నుంచి వచ్చేసింది. ఆయన ఏదో అనేలోపే ఆమె ముందుకు పోయి నిలబడింది. "తప్పు నాది యాదగిరన్నా. గంట మారింది, నేను మార్చలే. పిల్ల తప్పు జేయలే. నన్నేమన్నా అను, దాన్ని మాత్రం అనకు" అంది. కారణం ఒక్కటీ కలపలేదు. పరీక్షల హడావుడి అనలేదు, సమావేశం అనలేదు, నా మీదికి తోయలేదు. యాదగిరి మౌనికను బండి మీద ఎక్కించుకుని పోయాడు. మర్నాడు మౌనిక బడికి రాలేదు. ఆ వారం రానే లేదు.

ఆదివారం చర్చి అయిపోయాక మేడం నన్ను తీసుకుని చిన్నగూడెం పోయింది. యాదగిరి గుంట మగ్గం మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి కూడా ఆపలేదు. మౌనిక గోడ వార రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. వాళ్ళమ్మ లక్ష్మమ్మ మాకు నీళ్ళిచ్చి నిలబడింది. ఇంతలో మగ్గం మీద ఒక పోగు తెగింది. యాదగిరి ఆగి, ముడేసి, మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు. నేనైతే ఆ పోగును చూపించి ఏదో ఒక నీతి చెప్పేవాణ్ణి, నోటి దాకా వచ్చింది కూడా. మేడం అటు చూడను కూడా చూడలేదు. మౌనిక పక్కన చాప మీద కూర్చుంది.

"మౌనికా, ఆ దినం బస్సుల ఏమైందో నాకు ఎవ్వలు చెప్పలే. నువ్వు చెప్పు" అంది.

మౌనిక రాట్నం ఆపింది. ఒక్కో మాట తడుముకుంటూ చెప్పింది. "ట్యాంకు కోసం చూసిన. రాలే. కండక్టరమ్మ బస్టాండు వచ్చింది దిగు అన్నది. దిగిన. కూసున్న." మళ్ళీ కొంచెం ఆలోచించింది. "ఒకాయన వచ్చిండు. అరటిపండు ఇచ్చిండు. తిన్న. ఏ ఊరు అన్నడు. చిన్నగూడెం అన్న. బండి మీద దింపుత దా అన్నడు. నేను పోలే. మా సారు వస్తడు అన్న. చెయ్యి వట్టి లేపబోయిండు. నేను గట్టిగ ఒర్రిన. కండక్టరమ్మ ఉరికొచ్చింది. ఆయన పోయిండు."

మగ్గం చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. యాదగిరి కూతురి వైపు చూస్తున్నాడు. అన్ని రోజులుగా ఇంట్లో ఎవరూ ఆమెను అడగలేదు. తప్పిపోయింది అన్నారు, దొరికింది అన్నారు, అంతే. ఆమె ఏం చేసిందో ఎవరికీ తెలియదు.

ముందు లక్ష్మమ్మే మాట్లాడింది. "నేనైతే గా బండెక్కుతుంటి కావచ్చు. పెద్దమనిషి లెక్క అడిగితే కాదనుడు నాకు రాదు. ఇది నాకంటే నయం." ఆ మాట భర్త వైపు చూసే అంది.

యాదగిరి కళ్ళు తుడుచుకున్నాడు. "రేపు పంపుత మేడం. గని ఈపారి గంట ముచ్చట వద్దు" అన్నాడు.

తిరిగి వస్తూ బస్టాపులో నిలబడ్డాం. నేను కొత్త గుర్తుల కోసం బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. బస్సు రంగు పెడదామా, డ్రైవర్ల ముఖాలు నేర్పుదామా, బోర్డు మీద మొదటి అక్షరం బొమ్మలాగా చూపిద్దామా? మేడం వినడం లేదు. ఆగిన బస్సు వైపు చూస్తోంది. తెల్ల చొక్కా తొడిగిన ఒకాయన, చదువుకున్నవాడే, చేతిలో పేపరు కూడా ఉంది, బోర్డు కిందే నిలబడి, "నల్గొండ పోతదా?" అని కండక్టరును అడిగాడు. పోతది అంటే ఎక్కాడు. అతని వెనక ఇద్దరు కాలేజీ పిల్లలు అదే అడిగారు. వాళ్ళ వెనక ఒక ముసలామె అదే అడిగింది.

మేడం నుదురు కొట్టుకుంది. "చూసినవా శీనూ? మనోళ్ళు ఎవ్వలన్న బోర్డు సదివి ఎక్కుతున్నరా? సదువచ్చినోడు అడుగుతున్నడు, రానోడు అడుగుతున్నడు. గా పిల్లకు నోరుండంగ దానికి గంటలు, ట్యాంకులు కట్టిన. అడుగుమని ఒక్కనాడన్న చెప్పిన్నా? దాని మాట ముద్దగ వస్తదని, ఎవడన్న నవ్వుతడని, నేనే దాని నోరు మూసిన." తన మీద తానే నవ్వుకుంది, బస్టాపులో జనం తిరిగి చూసేంత గట్టిగా. ఆ నవ్వు ఆగాక, "ఇది నువ్వు నేర్పు. నేను పరీక్ష సెంటర్ల ఉంట. రాను" అంది.

చిన్నగూడెం పోతదా. రెండే మాటలు. మౌనికతో వాటిని అనిపించడానికి నా తలప్రాణం తోకకు వచ్చింది. మాటలు వచ్చేవి, మనిషి ముఖం చూసి అడగడం వచ్చేది కాదు. నేల చూసి అడిగేది. హెడ్మాస్టరును కండక్టరుగా నిలబెట్టాను, మల్లేశాన్ని నిలబెట్టాను. మల్లేశం అయితే "పోదు, కాసేపైనంక దా" అని కూడా అనేవాడు, ఆమె దానికీ అలవాటు పడాలని. మొదట్లో ఆమె పక్కనే నిలబడ్డాను. తర్వాత కొంచెం దూరం. ఆమె తడబడ్డప్పుడల్లా ఆ రెండు మాటలు నా నోట్లో ఆడేవి. నేను అడిగేస్తే ఒక్క క్షణంలో పని అయిపోతుంది. చేతులు జేబులో పెట్టుకోవడం తేలికే, నోరు పెట్టుకోవడానికి జేబు లేదు.

ఒక మధ్యాహ్నం ఆమెను ఒక్కదాన్నే వదిలాను. పరీక్షలు నడుస్తున్న రోజులు, ఎండ చురుక్కుమంటోంది. నేను మల్లేశం హోటల్ వెనక, గోడ చాటున. పిడికిళ్ళు జేబుల్లో. మోత్కూరు బస్సు వచ్చింది. మౌనిక తలెత్తి అడిగింది. కండక్టరు పోదు అన్నాడు. వెనక్కి జరిగి నిలబడింది. తర్వాత నల్గొండ బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. ఆమె మెట్టు దగ్గర నిలబడి ఏదో అంది. కండక్టరుకు అర్థం కాలేదు, "ఏంది?" అన్నాడు. మౌనిక అతని ముఖంలోకి చూసి మళ్ళీ, ఈసారి నాకు కూడా వినపడేంత గట్టిగా, "చిన్నగూడెం పోతదా?" అంది. "పోతది బిడ్డా, ఎక్కు" అన్నాడు.

ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు కదులుతుండగా తల తిప్పి నా వైపు చెయ్యి ఊపింది. చాటున ఉన్నా కనిపెట్టింది. కొంచెం సిగ్గనిపించింది. తర్వాత ఇంకోసారి ఊపింది, ఈసారి నా వైపు కాకుండా కొంచెం పక్కకు, నా తల మీదుగా. సంబరంలో ఎటో ఊపిందిలే అనుకున్నాను. బస్సు చిన్నగూడెం చేరే దాకా అక్కడే నిలబడ్డాను. ఫోన్ మోగింది. "దిగింది సార్" అన్నాడు యాదగిరి. కొంచెం ఆగి, "ఇగ రేపటి సంది నేను మగ్గం దిగ" అన్నాడు. మల్లేశం ఆ రోజు నాతో టీ తాగించాడు, పైసలు తీసుకోలేదు.

ఆ ఎండాకాలమే మేడంకు మేళ్లచెరువు వైపు బదిలీ అయింది. ఆమె పోతుంటే నాకు దిగులైంది. "ఒక్కణ్ణే ఎట్ల మేడం?" అన్నాను, మూతి ముడుచుకుని. "చేతులున్నయ్ గద, జేబులున్నయ్ గద. ఇంకేం గావాలె?" అని సంచి భుజానికి వేసుకుని బస్సెక్కింది. ఇప్పుడు రిటైరైంది, పండక్కి ఫోన్ చేస్తుంది. ఎట్లున్నవ్ అని అడగదు, పిల్లలెట్లున్నరు అని అడుగుతుంది.

మొన్న నా బండి చెడిపోతే బస్సెక్కాను. సాయంత్రం, షెడ్డు నుంచి మళ్ళే వేళ. మౌనిక కనిపించింది. ఇప్పుడు షెడ్డులో కండెల దగ్గర కొత్తగా వచ్చినవాళ్ళకు చూపించేది ఆమేనట. పక్కన జాగా ఇచ్చింది. అవీ ఇవీ మాట్లాడుతూ, "ఆ దినం నువ్వు హోటల్ ఎనక నన్ను కనిపెట్టి చెయ్యి ఊపినవ్, యాదికున్నదా? మళ్ళ ఇంకోపారి ఎటో ఊపినవ్" అన్నాను.

"ఎటో గాదు సార్. మేడంకు" అంది.

"మేడం పరీక్ష సెంటర్ల ఉండె గద."

"లేదు. వేపచెట్టు కాడ ఉండె. నువ్వు హోటల్ ఎనక, మేడం నీ ఎనక." అరచేతిని వెనక్కి జరిపి చూపించింది. "రోజూ ఉండె."

అన్ని రోజులూ, నేను ఒక్కణ్ణే నేర్పుతున్నానని అనుకున్న అన్ని రోజులూ, ఆ పొట్టి మనిషి ఎండలో చెట్టు చాటున నిలబడి, చేతులు కొంగులో పెట్టుకుని, నన్ను చూసి ఉంటుంది. నేను తడబడ్డప్పుడల్లా ఆమె నోట్లో కూడా ఒక మాట ఆడి ఉంటుంది.

"నాకెందుకు చెప్పలే మౌనికా?"

"మేడం చెప్పొద్దన్నది. సారు గూడ నేర్చుకుంటున్నడు, చెప్పకు అన్నది."

"మరి ఇప్పుడెందుకు చెప్పినవ్?"

ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది. "నువ్విప్పుడు అడిగినవ్ గద."

మేడంకు ఫోన్ చేసి అడగాలనుకున్నాను. అడగలేదు. ఎవరు చెప్పిన్రు నీకని మౌనిక మీద కోపం చేస్తుంది. తెలిసీ తెలియనట్టు ఉండటం కూడా ఆమె నేర్పినదే అనుకున్నాను. ఆ చెట్టు నీడ ముచ్చట ఆమెతో అనకుండా నాలోనే పెట్టుకున్నాను.

కిటికీలోంచి చిన్నగూడెం ట్యాంకు కనిపించింది. మౌనిక లేచింది. బస్సు ఇంకా పూర్తిగా ఆగలేదు, మెట్టు ఎత్తు, కింద కంకర. ఆమె దిగబోతుంటే నేను సీట్లోంచి సగం లేచాను. మళ్ళీ కూర్చున్నాను. ఆమె కడ్డీ పట్టుకుని, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు కింద పెట్టి, వెనక్కి చూడకుండా ఊళ్ళోకి నడిచింది. నా చేతులు జేబుల్లోనే ఉన్నాయి.